గడుల టీవీలో చిలకపచ్చ చీర

పోయిన వారం మనం నవతను సాంచెల షెడ్డు గడప దగ్గర నిలబెట్టి వచ్చాం. పాపం, ఆ పిల్ల వారం నుంచీ ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని, చేతిలో ఫోనుతో అక్కడే ఉంది. ఇక లోపలికి తీసుకుపోదాం.

మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను, మిగతావాళ్లు ఈలోపు చాయ్ తాగి రండి. నవత తంగళ్ళపల్లి నేతకారుడు దేవయ్య కూతురు. కెనడాలో ఓ పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న పట్నంలో 'లేక్‌సైడ్ 24' అనే లోకల్ న్యూస్ చానల్లో వాతావరణం చెబుతుంది. సెలవు మీద మొన్ననే ఇంటికి వచ్చింది. రేపు నేతకార్మికుల సంఘం భవనంలో ఆమెకు సన్మానం. వాడ వాడంతా ఆమెను చూడటానికి వచ్చిపోతోంది గానీ, కన్నతండ్రి మాత్రం ఇప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. సన్మానానికి రానని తన తల్లి లసుమవ్వతో కబురు పెట్టాడు. ఒకే ఇంట్లో, గోడ అవతల ఉన్న కూతురికి కబురు! బాపు రాని సన్మానం నాకెందుకని నవత షెడ్డుకు బయల్దేరింది. కూతురు గడప తొక్కడం చూసిన దేవయ్య, నడుస్తున్న రెండు సాంచెలకు తోడు ఆగి ఉన్న మరో రెండింటినీ నడిపించాడు.

సాంచె అంటే మరమగ్గం. నాలుగు సాంచెలు ఒకేసారి నడుస్తుంటే, చెవిలో నోరు పెట్టి అరిచినా అవతలి మనిషికి గాలి తగులుతుంది తప్ప మాట చేరదు. కోపం వచ్చిన మగవాడు మామూలుగా అయితే దుప్పటి ముసుగేసుకుంటాడు, లేదా చెప్పులేసుకుని బజారుకు పోతాడు. సాంచెల ఆసామికి ఆ శ్రమ లేదు. స్విచ్చి నొక్కితే చాలు, ఇంటిల్లిపాది నోరూ మూతపడుతుంది. దేవయ్య పెళ్లయినప్పటి నుంచీ ఈ ఉపాయం మీదే కాపురం చేసుకొస్తున్నాడని ఆయన భార్య స్వర్ణలత అంటూ ఉంటుంది. ఆమె ఇప్పుడు ఇక్కడ లేదు. కోరుట్ల నుంచి, జగిత్యాల నుంచి చుట్టాలందరినీ సన్మానానికి వెంటబెట్టుకు రావడానికి పుట్టింటికి పోయింది.

నవత లోపలికి వచ్చింది. పనివాళ్లు మధ్యాహ్నం బువ్వకు పోయారు. దూది నుసి గాలిలో తేలుతోంది. మూలన గోడకు ఉన్న టీవీలో, ఇంటర్నెట్ మీద వచ్చే లేక్‌సైడ్ 24 నడుస్తోంది. అలిగింది కూతురి మీదనే గానీ, చానల్ మీద కాదన్నమాట. అది చూసి నవతకు నవ్వు వచ్చింది.

ఆ చానల్ సంగతి కొంచెం చెప్పాలి. మన చానళ్లలాగా నిండు తెరమీద మనిషి కనిపించడు అందులో. తెరంతా గడులు గడులు. ఒక గడిలో వార్తలు చదివే మనిషి, ఒక గడిలో గడియారం, ఒక దాంట్లో ఎండా వానా, ఇంకో దాంట్లో ఏ దారి మీద ఎన్ని బండ్లు ఆగిపోయాయో. కింద పరుగులు తీసే అక్షరాలు. ఇరవై నాలుగు గంటలూ అదే. పిల్లి తప్పిపోయినా చెబుతారు, బడి బస్సు ఆలస్యమైనా చెబుతారు. లసుమవ్వ దానికి గడుల టీవీ అని పేరు పెట్టింది. ఆ ముసలామెకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా బొమ్మలు చూసి చూసి, మంచు బండి ఏ వీధిలోకి ఇంకా రాలేదో వాడకట్టుకంతా చెప్పేది. సిరిసిల్ల బస్టాండులో ఏ బస్సు ఎప్పుడొస్తుందో తెలియనివాళ్లకు కూడా అక్కడి సరస్సు దారిన లారీ బోర్లా పడ్డ సంగతి తెలిసేది.

ఇక గొడవకు మూలమైన చీర. మొదట తెర వెనక ఏదో పనిచేసిన నవతకు, తెర మీద వాతావరణం చెప్పే అవకాశం పోయిన కార్తీకంలో వచ్చింది. కబురు తెలిసిన రోజే దేవయ్య అటక మీది పాత చేనేత మగ్గం దింపించి షెడ్డు మూలన బిగించాడు. సాంచెలు వచ్చాక అటకెక్కిన మగ్గం అది. లసుమవ్వ కండెలు చుట్టింది. దేవయ్య పగలంతా సాంచెల దగ్గర నిలబడి, పొద్దూకాక ఆ మగ్గంలో కూర్చుని తన చేత్తో కూతురికి చీర నేశాడు. చిలకపచ్చ చీర, సన్నని ఎర్రంచు. రవికె గుడ్డ కూడా అదే పచ్చ. మొదటి రోజు ఇదే కట్టుకుని కనపడాలని చెప్పి పంపించాడు. ఆ రోజు సాయంత్రం చాయ్ వేళకు, అంటే అక్కడ తెల్లవారుజామున, టీవీని వాకిట్లో పెట్టించాడు. వాడంతా వచ్చి కూర్చుంది. తెర మీద నవత వచ్చింది. నీలం రంగు కోటు వేసుకుని వచ్చింది.

"శాలోళ్లు నేసిన చీర గంత దూరంల ఎవలు గడుతరే," అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఎగతాళికి అన్నారో, ఓదార్పుకు అన్నారో గానీ దేవయ్యకు అది గుండెలో ముల్లులా దిగింది. లేచి లోపలికి పోయి సాంచెలు నడిపించాడు. ఆ రాత్రి కూతురు ఫోను చేస్తే మాట మధ్యలోనే పెట్టేశాడు, అప్పటి నుంచి మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు ఆ కూతురు ఎదురుగా నిలబడింది. ఆయన చూపు మాత్రం గుడ్డ మీదనే ఉంది.

అయితే దేవయ్య ఒక సంగతి మరిచిపోయాడు. నవత పుట్టింది, నడక నేర్చింది ఈ చప్పుడులోనే. సాంచెల దగ్గర పనిచేసేవాళ్లకు నోటితో పనిలేని భాష ఒకటి ఉంటుంది. చాయ్ వచ్చిందనడానికి ఒక సైగ, సేఠు వస్తున్నాడనడానికి ఇంకో సైగ. మాటలు రాకముందే ఆ సైగలన్నీ వచ్చిన పిల్ల ఆమె. అయిదేళ్ల వయసులో అన్నం ముందు కూర్చుని ఉప్పు తక్కువైందని కూడా సైగ చేస్తే, నోట్లో నాలుక లేదా అని స్వర్ణలత మొట్టికాయ వేసేది.

నవత రెండు చూపుడువేళ్లు కలిపి, టక్కున విడదీసింది. పోగు తెగింది అని.

దేవయ్య ఉలిక్కిపడ్డాడు. కోపం కోపమే, పోగు పోగే. గబగబా నాలుగు సాంచెలూ తిరిగి చూశాడు. ఎక్కడా తెగలేదు. తలెత్తేసరికి నవత తన ఎదను చూపించి, ఆయన ఎదను చూపించింది. ఇక్కడ తెగింది బాపూ అని.

ఆయన ముఖం తిప్పుకుని, పని ఉంది పో అన్నట్టు చెయ్యి విసిరాడు.

నవత పోలేదు. భుజం మీదుగా కొంగు వేసుకుంటున్నట్టు చెయ్యి ఊపింది. చీర మాట ఎత్తగానే దేవయ్య అరచేత్తో గాలిని కోశాడు. ఆ ముచ్చట వద్దు. కానీ అంత కాలంగా కడుపులో దాచుకున్నది ఎక్కడ ఆగుతుంది? ఆయన చేతులు వాటంతటవే లేచాయి. కోటు గుండీలు పెట్టుకుంటున్నట్టు చూపించాడు. కొంగు తీసి పారేస్తున్నట్టు చూపించాడు. చివరికి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. నీకు సిగ్గయింది. నా చీర కట్టుకోవడానికి నీకు సిగ్గయింది.

"కాదు బాపూ, కాదు!" నవత నోటితోనే అరిచింది. ఆ అరుపు ఆమెకే వినపడలేదు. తల అడ్డంగా ఊపుతూ చేతులతో చెప్పబోయింది. కానీ చెప్పాల్సిన సంగతికి సాంచెల భాషలో సైగ లేదు. ఎక్కడి నుంచి వస్తుంది? చీరను చూపించి, తనను చూపించి, మాయమైపోయిందన్నట్టు గుప్పిట తెరిచి గాలిలోకి వదిలింది.

చీర ఎక్కడో పోగొట్టుకుందని అర్థమైంది దేవయ్యకు. కట్టుకోకపోతే పోయె, పోగొట్టింది కూడానా! ఆయన ముఖం ఎర్రబడింది. వేలు చూపించి ఏదో గట్టిగా అంటున్నాడు. నవత కూడా తగ్గలేదు. తండ్రీ కూతుళ్లిద్దరూ సాంచెకు చెరో పక్కన నిలబడి, ఒకరి మాట ఒకరికి వినపడదని తెలిసి కూడా గొంతు చించుకున్నారు. మొండితనంలో ఇద్దరూ ఒకే తానులో గుడ్డ.

అప్పుడు చప్పుడు ఆగిపోయింది. నాలుగు సాంచెలూ ఒక్కసారే నిలిచిపోయాయి.

"—ఒక్కనాడన్న కట్టుకున్నవా!" అన్న దేవయ్య మాట చివరి ముక్క షెడ్డంతా మోగి, ఆయనకే భయం వేసినట్టయింది.

తలుపు పక్కన లసుమవ్వ మెయిన్ స్విచ్చి మీద చెయ్యి పెట్టి నిలబడి ఉంది.

"ఏందిరా గా లొల్లి? వాకిట్ల కోడి సుత బెదిరి ఉరికింది. మాట్లాడుకుంటె మాట్లాడుకోరి, లేకుంటె కొట్టుకోరి. గీ మూగ పంచాది నాతోని సూడచేతగాదు."

"అవ్వా, స్విచ్చేయి. సాంచె ఆగినకాడ గుడ్డ మీద దాగు వడ్తది."

"వడనియ్యి. ఆర్నెల్ల సంది నా మనుమరాలి మొకం మీద పడ్డ దాగు ఎవలు తీస్తరు?" అంది లసుమవ్వ. ఆ వెంటనే స్విచ్చి కింద పీట వాల్చుకుని కూర్చుంది. తొంభైకి దగ్గర పడ్డ తల్లిని పక్కకు జరిపి స్విచ్చి వేసేంత ధైర్యం దేవయ్యకు ఈ జన్మలో లేదు.

ఆ నిశ్శబ్దంలో తండ్రీ కూతుళ్లిద్దరికీ ఎటు చూడాలో తెలియలేదు. చప్పుడులో అంత తెగువ చూపించిన చేతులు ఇప్పుడు ఊరికే వేలాడుతున్నాయి.

"బాపూ," అంది నవత మెల్లగా. "నేను కట్టుకున్న."

"ఏంది?"

"నువ్వు నేసిన చీర. కట్టుకున్న. మొదటి దినం కంటె ముందటి నాడు రిహార్సల్ ఉంటది మాకు. గప్పుడు కట్టుకున్న. బొట్టు సుత పెట్టుకున్న."

"మల్ల?"

"ఇగో, నువ్వే సూడు."

ఫోను ఆయన చేతికిచ్చింది. దేవయ్య అంగీ జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. లసుమవ్వ కూడా పీట జరుపుకుని దగ్గరకు వచ్చింది. స్విచ్చి కాపలా సంగతి ఆమె మరిచిపోయింది.

ఫోనులో కెనడా మ్యాపు కనిపించింది. సరస్సు, దాని చుట్టూ దారులు, మబ్బులు. ఆ మబ్బుల నడుమ నవత తల. తల ఒక్కటే. మెడ దాకా ఉంది, ఆ కింద మనిషి లేదు. తలకు కొంచెం దూరంలో రెండు చేతులు, మోచేతుల దగ్గర తెగిపోయి, గాలిలో ఊగుతున్నాయి. తల గలగలా ఇంగ్లీషు మాట్లాడుతోంది. చేతులు మబ్బులను అటు నుంచి ఇటు తోలుతున్నాయి. తలకూ చేతులకూ మధ్య, భుజం ఉండాల్సిన చోటు నుంచి నడుము ఉండాల్సిన చోటుకు, ఒక ఎర్రని గీత వంకర తిరుగుతూ కదులుతోంది.

"అయ్యో నా తల్లీ!" అని లసుమవ్వ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "పొల్ల ఏడికి పోయెరా దేవయ్యా? తలకాయే మిగిలింది గదరా!"

"గిదేంది?" అన్నాడు దేవయ్య.

"మా ఎనుక మ్యాపుండదే బాపు. టీవీల మీకు కనవడుతది గంతే. మా ఎనుక ఉండేది ఉత్త పచ్చగుడ్డ. గా మిషిను ఎక్కడ పచ్చ కనవడ్తె అక్కడ మ్యాపు పెడ్తది. గోడ పచ్చగుంటె గోడ మీద పెడ్తది. మనిషి పచ్చగుంటె మనిషి మీద పెడ్తది."

ఫోనులో తల ఇంకా మాట్లాడుతూనే ఉంది.

"గందుకేనా," అన్నాడు దేవయ్య. "గందుకేనా ఆ చానల్ల వాతావరణం జెప్పెటోళ్లు ఒక్కలు సుత పచ్చది తొడగరు?"

"అవు బాపు."

"నేను నెలల సంది సూసిన బిడ్డా. రోజు సూసిన. నల్లయి, నీలయి, ఎర్రయి, అన్ని రంగులు ఏసుకొనస్తరు. పచ్చ ఒక్కటి లేదు. పాపం, మంచుల బతికెటోళ్లు, వీళ్లకు పచ్చ రంగు నూలు దొరకదేమో అనుకున్న. అందరి నడుమ నా బిడ్డ ఒక్కతే పచ్చగ మెరవాలె అనుకున్న." ఆయన కళ్లద్దాలు తీసి లుంగీ అంచుతో తుడిచాడు. "గంత సూసి, గంత ఆలోచన జేసి, సరిగ్గ ఏది కట్టొద్దో గదే నేసి పంపిన్నా?"

చూశారా మరి! ఇంకో తండ్రి అయితే ఏదో ఒక రంగు పంపేవాడు, ఏ బాధా లేకపోయేది. ఇంత శ్రద్ధగా చూసినందుకే ఈయనకు ఈ చిక్కు వచ్చింది.

"మొదలే ఎందుకు జెప్పలేదు?" అన్నాడు మళ్లీ. ఆ మాటలో కోపం లేదు.

నవత కళ్లు నిండాయి. "ఎట్ల జెప్పాలె బాపు? స్టూడియోల అందరు నవ్విన్రు. నేను సుత నవ్విన. నవ్వుకుంట బయటికొచ్చి, బాత్రూంల గా చీర మొకం మీద పెట్టుకోని ఏడ్సిన. నువ్వు పొద్దంత నిలవడి, మల్ల రాత్రంత కూసోని నేస్తివి. నీ చీరల నేను కనవడలేదని నా నోటితోని ఎట్ల అందు? మల్లెప్పుడన్న కట్టుకుంట అన్న ఫోన్ల. నువ్వు పెట్టేస్తివి."

దేవయ్య ఫోను మళ్లీ మొదటి నుంచి నడిపించమన్నాడు. రెండోసారి చూస్తుండగా ఆయన వేలు తెర మీద ఆ ఎర్రని గీత దగ్గర ఆగింది.

"గిది నా అంచే గదా?"

"అవు. నీ అంచే. అది ఒక్కటి నిలవడ్డది. మా డైరెక్టరు మేడం అది సూసి, గీ కొత్త రోడ్డు ఎప్పుడేసిన్రు, గింత ట్రాఫిక్ జామెందుకైందని అడిగింది."

దేవయ్య భుజాలు కదిలాయి. నవత భయపడింది, ఏడుస్తున్నాడేమోనని. ఏడుపు కాదది. నవ్వు. మొదట ముక్కులోంచి, తర్వాత కడుపులోంచి, ఆగకుండా వచ్చింది. సాంచెకు చేయి ఆనించి వంగిపోయి నవ్వాడు. లసుమవ్వకు సంగతి సగమే అర్థమైంది గానీ, కొడుకు నవ్వి ఎన్నాళ్లయిందో ఆమెకు తెలుసు కాబట్టి బోసినోటితో తనూ నవ్వింది. నవత నవ్వుతూనే ఏడ్చింది. దేవయ్య కూడా నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. ఎవరి కన్నీళ్లు ఎవరికి చూపించాలో తెలియక ముగ్గురూ ఫోను వైపే చూశారు.

"గోడకున్న గుడ్డ నూలా, పాలిస్టరా?" అని అడిగాడు ఉన్నట్టుండి.

"ఏమో బాపు. ఎందుకు?"

"పాలిస్టరే అయితది. నూలు మీద గంత సరిగ్గ గా రంగు తెచ్చుడంటే మామూలు ముచ్చట గాదు. మిషినుకు సుత తేడా దొరకలేదంటె సూడు."

ఇదండీ నేతగాడంటే. కూతురు మాయమైపోయినా రంగు కుదిరినందుకు ఒక మూల సంతోషమే.

మూడోసారి చూశాడు. ఈసారి చేతులు చూశాడు. ఒంటితో సంబంధం లేకుండా ఊగుతున్న ఆ రెండు చేతులు. ఒక చెయ్యి మబ్బును దగ్గరికి పిలుస్తోంది. రెండో చెయ్యి వేళ్లు ముడిచి, విప్పి, పక్కకు తోసింది.

"నవతా, గిది మన బీముకు చుట్టిన నూలు అయిపోవచ్చిందనే సైగ గాదె?"

"అవు," అంది నవత సిగ్గుపడుతూ. "గది మంచు తగ్గుతదని జెప్పెటప్పుడు. దగ్గరికి పిలిచేది చాయ్ సైగ. గాలొస్తదని జెప్పుటానికి వాడుత. నా చేతులు బాగ మాట్లాడుతయని మెచ్చుకోనే నాకు గా కొలువిచ్చిన్రు బాపు. ఎక్కడ నేర్సుకున్నవని అడిగిన్రు. మా బాపు కాడ అన్న."

దేవయ్య ఫోను పక్కన పెట్టి కూతురి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఆయన వేళ్లకు నూనె మరకలున్నాయి. అవి ఆమె తెల్లని చేతులకు అంటుకున్నాయి. ఇద్దరూ చూసుకోలేదు.

"రేపటి సన్మానానికి నేనొస్త," అన్నాడు. "ముందట కూసుంట. నువ్వు గా పచ్చ చీరనే కట్టుకో. మన దగ్గర మిషిన్లు లేవు, మాయం గావు. తెచ్చుకున్నవా?"

"సూట్‌కేసుల పైననే పెట్టుకొచ్చిన."

"ఇంగొకటి నేస్త. ఎల్లుండే పడుగు పోయిస్త. వంకాయ రంగు, పసుపుపచ్చ అంచు. అదైతె గా మిషిను ఏం జేస్తదో సూద్దాం. నువ్వు వాపస్ పోయి మొదలు కనవడే దినం అది కట్టుకోవాలె. మల్ల వాడనంత పిలుస్త, టీవీ వాకిట్ల పెడ్త. గప్పుడు ఎవలేమంటరో నేను సూస్త." ఆయన అప్పుడే మూలన ఉన్న పాత మగ్గం వైపు నడిచాడు. "ఎన్నడు పోతున్నవ్ బిడ్డా? దాన్ని బట్టి నేను మొదలు పెట్టుకోవాలె."

నవత పక్కన పెట్టిన ఫోను తీసుకుని తుడవసాగింది.

"నిన్నే అడిగేది. డ్యూటీ ఎన్నడెక్కాలె?"

ఇక్కడే, ఇంత మంచి ఘడియలోనే, ఆ మాట చెప్పక తప్పని పరిస్థితి వచ్చింది. చెప్పకపోతే ఈ మనిషి మళ్లీ పగలూ రాత్రీ ఒకటి చేసి ఇంకో చీర నేస్తాడు. అది కట్టుకుని నిలబడే చోటు లేదని తెలిసి కూడా ఆయనను ఆ మగ్గంలో కూర్చోబెట్టడం నవత వల్ల కాలేదు.

"బాపూ, చీర నెయ్యకు."

"ఎందుకు?"

ఆమె గోడ మీది టీవీ వైపు చూసింది. వాతావరణం గడిలో ఒక బట్టతల మనిషి మబ్బులను చూపిస్తున్నాడు.

"గాయన నా సెలవుల దాక వచ్చినాయన గాదు. ఇగ రోజు గాయనే. మూడు పట్నాల వాతావరణం ఒక్క ఊరి నుంచే జెప్పిస్తరట. మమ్ముల నలుగురిని తీసేసిన్రు. సెలవుకని టికెట్ కొనుక్కున్న వారమే జెప్పిన్రు. నాకు వాపస్ టికెట్ ఉన్నది బాపు, కొలువు లేదు."

లసుమవ్వ కొడుకు ముఖంలోకి చూసింది. దేవయ్య చెయ్యి మగ్గం పలక మీద అలాగే ఉండిపోయింది.

"ఏమన్న తప్పు జేసినవా?"

"లేదు."

"పని సరిగ్గ జెయ్యలేదన్నరా?"

"లేదు బాపు. మంచిగనే జేస్తున్నవన్నరు. మంచిగ జేస్తున్నవనే కాయితం మీద రాసిచ్చిన్రు."

"మల్ల ఎందుకు దాసినవ్?"

"రేపటి సభ పెట్టింది కెనడా టీవీల కనవడుతున్నందుకు. కోరుట్ల కెల్లి, జగిత్యాల కెల్లి అందరొస్తున్నరు. ఇప్పుడు లేదంటె నీ ఇజ్జత్ ఏంగావాలె? సభ అయిపోయేదాక ఎవ్వలకు జెప్పకు. అమ్మకు సుత ఎర్కలేదు. నీకు దండం పెడ్త, రేపొక్కనాడు గడవనియ్యి. నేను రెండు ముక్కలు మాట్లాడి దిగిపోత."

దేవయ్య ఏదో అనబోయాడు. అంతలో బయట స్కూటర్ ఆగిన చప్పుడు, ఆ వెంటనే "దేవన్నా!" అన్న కేక. నవత గబగబా కళ్లు తుడుచుకుంది. లోపలికి వచ్చింది సంఘం అధ్యక్షుడు వెంకటేశం. చంకలో చుట్టిన ఫ్లెక్సీ ఉంది. దాన్ని షెడ్డు నడుమ బర్రున విప్పి పరిచాడు. నీలం కోటులో నవత, వెనక కెనడా మ్యాపు, పైన అరచెయ్యంత అక్షరాలు: కెనడా టీవీలో మన తంగళ్ళపల్లి ఆడబిడ్డ.

"ఎట్లున్నదన్నా? సాంచెలు బందున్నయేంది, కరెంటు పోయిందా? అమ్మా నవతా, రేపు ఏం మాట్లాడాలెనో రాసుకున్నవా? పెద్ద పెద్దోళ్లొస్తున్నరు. జర మంచిగ, గా చానల్ల మాట్లాడినట్టే మాట్లాడాలె."

"మాట్లాడుత కాకా," అంది నవత. గొంతు వీలైనంత మామూలుగా పెట్టింది.

దేవయ్య ఫ్లెక్సీ మీది కూతురిని చూశాడు. పక్కన నిలబడ్డ కూతురిని చూశాడు. కళ్లద్దాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"వెంకటేశం, రేపు మైకు ముందుగాల నాకియ్యి."

"నీకా?" వెంకటేశం పకపకా నవ్వాడు. "నీ పెండ్లిల పెండ్లాం పేరు జెప్పుమంటెనే నోరు తెరువకపోతివి గదనే! గంత మందిల ఏం మాట్లాడ్తవ్?"

నవత తండ్రి వైపు చూసింది. తల అడ్డంగా ఊపింది. వద్దు బాపూ, వద్దు. దేవయ్య ఆమె వైపు చూడలేదు.

"ఉన్నది మాట్లాడ్త," అన్నాడు. "ఉన్నది ఉన్నట్టు జెప్త."

వెంకటేశం నవ్వు ఆగింది. దేవయ్య ముఖంలోకి చూసి, లసుమవ్వను చూసి, చివరికి నవత వైపు తిరిగాడు.

"ఏందమ్మా, గా ఉన్నది?"